జ్వరమొచ్చిన సాయంత్రం

మల్లాపూర్‌లో మూతబడ్డ సీసాల ఫ్యాక్టరీని కూలగొడుతుంటే పాత నీళ్ల సంపులో ఒక ఆడమనిషి ఎముకలు బయటపడి ఆరు రోజులైంది. ఎముకల పక్కన స్టీలు టిఫిన్ డబ్బా దొరికింది. దాని మూత మీద చుక్కలు చుక్కలుగా చెక్కిన పేరు, పద్మశ్రీ. ఇరవై నాలుగేళ్ల కిందట నాచారంలో మాయమైన ఆ పద్మశ్రీని చంపి మూసీలో పడేశాడని ఒక మనిషి పద్నాలుగేళ్లు జైల్లో ఉండి వచ్చాడు. శవమే దొరకని ఆ కేసు ఒక చిన్నపిల్ల సాక్ష్యం మీద నిలబడింది. ఆ పిల్లకప్పుడు తొమ్మిదేళ్లు. ఇప్పుడామె డిటెక్టివ్ ఇన్‌స్పెక్టర్ సూర్యకళ. ఎముకల కేసు తిరిగి తిరిగి ఆమె చేతికే వచ్చింది.

ఆ సంగతి స్టేషన్లో ఎస్సై అమూల్య ఒక్కదానికే తెలుసు. పాత ఫైలు దుమ్ము దులిపి తెచ్చిన అమూల్య సాక్షుల జాబితాలో మూడో పేరు మీద వేలు పెట్టి, "మేడం, ఇది..." అని ఆగిపోయింది.

"నేనే," అంది సూర్యకళ. "రెండ్రోజులు టైమియ్యి. ఏసీపీ సారుకు నేనే చెప్త."

ఆ రెండు రోజుల్లో ఒకటి గడిచిపోయింది. రెండోరోజు పొద్దున పదకొండింటికి, ముసురు పట్టిన ఆకాశం కింద, ఆమె ఉప్పల్ రింగురోడ్డు వెనక సందులో ఒక కుట్టుమిషన్ల రిపేరు కొట్టు ముందు నిలబడింది.

కొట్టంటే పెద్ద కొట్టేం కాదు. రెండు ఇళ్ల మధ్య మిగిలిన జాగాకు రేకులు కప్పి, ముందర ఒక షట్టర్ బిగించారు. లోపల గోడ పొడుగునా తల తీసేసిన మిషన్లు, చక్రాలు, తెగిన బెల్టులు. సూర్యకళ యూనిఫాం వేసుకోలేదు. జీపు మెట్రో స్తంభాల దగ్గర వదిలి, గొడుగు లేకుండా నడిచి వచ్చింది. లోపలికి అడుగుపెట్టగానే మిషన్ నూనె వాసన ముక్కుకు కొట్టింది. ఎందుకో గుండెలో కలుక్కుమంది. ఎందుకన్నది అప్పుడామెకు అంతుబట్టలేదు.

స్టూలు మీద ఒకావిడ కూర్చొని గొడవపడుతోంది. ఆ పక్క వీధిలో జాకెట్లు కుట్టే రత్నకుమారి.

"రెండు కుట్లేస్తే మూడోది తప్పుతుందన్నా. శ్రావణం పెండ్లిళ్లు మీదికొచ్చినయి. నలభై జాకెట్లున్నయి ఇంట్ల. పోయినవారమే గద నువ్వు బాగుజేసింది?"

"మిషన్ తప్పేం లేదు తల్లీ. సూది వంకరపోయింది. వంకర సూదితో ఎంతసేపు కుట్టినా అంతే," అన్నాడు ముసలాయన. సూది మార్చి, గుడ్డముక్క మీద నాలుగు కుట్లు వేసి చూపించాడు. ఆవిడ సణుక్కుంటూనే, నవ్వుకుంటూనే మిషన్ తల సంచిలో పెట్టుకొని వానలోకి వెళ్లిపోయింది.

ముసలాయన అనుకోవడం పొరపాటు. ఫైలు ప్రకారం, ఆ కేసులో జైలుకు పోయొచ్చిన త్రిమూర్తులుకు యాభై ఒకటే. జుట్టు మాత్రం పూర్తిగా నెరిసిపోయింది. ఎడమచేతి చివరి రెండు వేళ్లు ముడుచుకోవడం లేదు. పుల్లల్లా నిటారుగా ఉండిపోయాయి.

"మిషన్ బండిలో ఉందా మేడం?" తల ఎత్తకుండానే అడిగాడు.

"మిషన్ కోసం రాలేదు. పోలీస్. నేను..."

"తెలుసు." స్క్రూడ్రైవర్ పక్కన పెట్టాడు. "టీవీలో చూశా, ఆ సంపు దగ్గర నిలబడి మాట్లాడారు. ఎడమ కనుబొమ్మ మీద గాటు అలాగే ఉంది. నల్లా దగ్గర పాచి మీద జారిపడ్డప్పుడు పడింది. నాలుగు కుట్లేశారు. రాజయ్య కూతురు సూరి. వస్తారనే అనుకున్నా. ఇన్ని రోజులు పడుతుందనుకోలేదు."

వచ్చేటప్పుడు దారంతా కూడగట్టుకున్న మాటలు అక్కడికక్కడే చెదిరిపోయాయి. సూర్యకళ రత్నకుమారి లేచిన స్టూలు మీదే కూర్చుంది. ఉద్యోగం నేర్పిన దారొకటుంది కదా, ముందు వస్తువు చూపించాలి. ఫోన్ తీసి టిఫిన్ డబ్బా ఫోటో ఆయన ముందు పెట్టింది.

త్రిమూర్తులు చాలాసేపు చూశాడు. ఫోన్ వెలుగు తగ్గిపోతే వేలితో తాకి మళ్లీ చూశాడు.

"కింది గిన్నెలో అన్నం, పైదాంట్లో పప్పు. పచ్చడి మాత్రం కాగితంలో కట్టుకునేది, డబ్బాకి వాసన పడుతుందని." ఫోన్ ఆమె వైపు జరిపాడు. "దొరికిందన్నమాట. ఇంత దగ్గర్లోనే ఉందన్నమాట."

"మీరు మూసీల పడేసిననని ఒప్పుకున్నరు."

"ఐదోరోజు ఒప్పుకున్నా." ముడుచుకోని వేళ్లు పైకెత్తి చూపించాడు. "ఏ నది పేరు చెప్పమంటే ఆ పేరు చెప్పేవాణ్ణి మేడం. మాది తుని. మా తాండవ నది పేరు చెప్పినా రాసుకునేవారేమో."

"ఆమె పట్టీలు మీ రూముల దొరికినయి."

"ఒకటి తెగిపోయింది, అతికించమని రెండూ ఇచ్చింది. నేను ఫిట్టర్ని. మనందరం ఉన్న ఆ ఇళ్ల లైనులో ఎవరిది ఏది తెగినా నాకే ఇచ్చేవారు. మీ అమ్మ మంగళసూత్రం కొక్కెం కూడా నేనే అతికించా."

అమ్మ మాట రాగానే సూర్యకళ మొహం బిగుసుకుంది. ఆ మాటను పక్కకు నెట్టి, "సైకిల్ మీద ఎక్కించుకొని పోయినట్టు సాక్షి చెప్పింది," అంది.

"సాక్షి." త్రిమూర్తులు ఆ మాటను నోట్లోనే తిప్పుకున్నాడు. "సాక్షి ఏం చూసింది? ఒక్కసారి చెప్పండి. కోర్టులో బోనులో నిలబడి విన్నాను గానీ, అప్పుడు చెవుల్లో హోరు. సరిగా వినబడలేదు."

సూర్యకళ చెప్పింది. ఆ బొమ్మ ఆమె కళ్ల ముందు ఎప్పుడూ ఉంటుంది. "సాయంత్రం ఆరింటికి నల్లా వచ్చింది. నేను బిందె పట్టుకొని నిలబడ్డ. పద్మక్క ఆకుపచ్చ ఓణీ వేసుకున్నది. త్రిమూర్తులు మామ సైకిల్ ఎనుక కూసున్నది. గేటు దాటినంక మామ ఎనుకకు తిరిగి నవ్విండు."

చెప్పి ఆగింది.

నిన్న ఫైల్లో తన వాంగ్మూలం చదివింది కదా. అవే ఐదు వాక్యాలు. అదే వరస. ఒక్క మాట ఎక్కువ లేదు, ఒక్క మాట తక్కువ లేదు. పదకొండేళ్ల ఉద్యోగంలో ఎన్ని వందల సాక్షుల్ని కూర్చోబెట్టి మాట్లాడించిందో! కళ్లారా చూసినవాడు ఒక చోట మర్చిపోతాడు, ఇంకోచోట కొత్తగా గుర్తు తెచ్చుకుంటాడు, ఓణీ రంగు దగ్గర తడబడతాడు. కంఠతా పట్టినవాడు మాత్రమే తడబడడు. ఈ ముక్క కొత్త కానిస్టేబుళ్లకు ఆమే పాఠంలా చెబుతుంది. తన సొంత జ్ఞాపకానికి ఆ పరీక్ష పెట్టాలని ఆమెకు ఏనాడూ తోచలేదు.

నేర్పింది నాయిన. వారం రోజులు, బడికి పోయేముందు, జడ వేస్తూ వేస్తూ చెప్పించేవాడు. "మల్లొకసారి చెప్పు బిడ్డా. భయపడొద్దు. గట్టిగ చెప్పు." తను నిజం చెప్పడానికి ధైర్యం ఇస్తున్నాడనే ఇన్నేళ్లూ అనుకుంది. తీర్పు వచ్చిన నెలకు ఆ సీసాల ఫ్యాక్టరీ మేనేజర్ సారు చిట్టీ రాసిచ్చాడు. హన్మకొండ హాస్టల్లో సీటు వచ్చింది. బుద్ధిమంతురాలు కాబట్టి వచ్చిందన్నాడు నాయిన. అక్కడి చదువు, ఆ తర్వాత ఎస్సై ఉద్యోగం, ఈ నడుముకున్న తుపాకీ, అన్నీ ఆ ఐదు వాక్యాల తర్వాత వచ్చినవే.

"నా లాయరు మిమ్మల్ని ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు," అన్నాడు త్రిమూర్తులు. "గుర్తుందా?"

ఫైల్లో చదివింది. "ఆ రోజు నీకు జ్వరమొచ్చిందా పాపా అని అడిగిండు."

"ఏం చెప్పారు?"

"రాలేదని చెప్పిన."

"ఎందుకడిగాడో ఎప్పుడైనా ఆలోచించారా?"

సూర్యకళ తల అడ్డంగా ఊపింది. రేకుల మీద వాన జోరందుకుంది. త్రిమూర్తులు లేచి షట్టర్ సగం దించి వచ్చి, ఈసారి ఎదురుగా, దగ్గరగా కూర్చున్నాడు. ఇక 'మీరు' అనడం మానేశాడు. చిన్నప్పటి సూరితో మాట్లాడుతున్నట్టే మాట్లాడాడు.

"ఆ సాయంత్రం నీ ఒళ్లు పెనంలా కాలిపోతోంది. కళ్లు తేలేశావు. మీ నాన్న మల్లాపూర్ సీసాల ఫ్యాక్టరీ గేటు దగ్గర డ్యూటీలో ఉన్నాడు. మీ అమ్మ నిన్ను ఎత్తుకొని నా గది తలుపు కొట్టింది. నా సైకిల్ చైను తెగి నాలుగు రోజులుగా గోడకు ఆనించే ఉంది. అందుకని నిన్ను భుజాన వేసుకొని నాచారం చౌరస్తా దగ్గరి డాక్టరు దాకా నడిచా. అక్కడ యాభై మంది. రెండున్నర గంటలు నిలబడ్డా, తువ్వాలు తడిపి నీ నెత్తిన వేస్తూ. రెండుసార్లు నా చొక్కా మీద కక్కావు. సూదిమందు వేయించి ఇంటికి తెచ్చేసరికి తొమ్మిదైంది. నేను పద్మని చంపానని వాళ్లు రాసుకున్న టైముకి నువ్వు నా భుజం మీద ఉన్నావు సూరీ."

సూర్యకళకు చెవుల్లో వాన చప్పుడు ఒక్కసారి ఆగిపోయినట్టయింది.

ఒక భుజం. తడిగుడ్డ చల్లదనం. ముక్కుకు ఆనుకున్న చొక్కాకు చెమట, నూనె కలగలిసిన వాసన. ఎవరో "అయిపోయింది, వచ్చేశాం, అయిపోయింది" అంటూ నడుస్తున్నారు. ఆ జ్ఞాపకం ఆమెకు ప్రాణం. తల్లి లేని ఇంట్లో, తక్కువ మాట్లాడే నాయిన దగ్గర ఆమెకు దొరికిన ప్రేమంతా అదే అనుకుంది. నాయిన మీద కోపమొచ్చినప్పుడల్లా ఆ భుజాన్ని గుర్తు చేసుకొని కోపం దిగమింగేది.

నాయిన వాచ్‌మెన్. ఆయన దగ్గర బీడీ వాసన, ఖాకీబట్ట వాసన. మిషన్ నూనె ముట్టుకున్న చెయ్యి కాదు అది ఏనాడూ.

లోపలికి రాగానే గుండెలో కలుక్కుమన్నది ఎందుకో ఇప్పుడు తెలిసింది. ఇరవై నాలుగేళ్లుగా ఒక మనిషి భుజాన్ని ఇంకొకరికి అంటగట్టి బతికింది. ఆ మనిషిని బయట పడేయగలిగిన ఒకే ఒక్క సాక్షి తనే. ఆ సాక్షే ఆయన్ను లోపల వేయించింది.

"డాక్టర్ను పిలువలేదా కోర్టుకు?" తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

"పిలిచారు. రోజుకు వందమందొస్తారు, ఎవరు గుర్తుంటారన్నాడు. ఆయన తప్పేం లేదు. మీ నాన్న పిల్లకు జ్వరమే రాలేదన్నాడు. నువ్వూ రాలేదన్నావు. ఇంకెవరు నమ్ముతారు?"

"అమ్మకు తెల్సు గద! అమ్మ ఎందుకు చెప్పలే?"

త్రిమూర్తులు ఆమె మొహంలోకి చూశాడు. నిజంగానే తెలియక అడుగుతోందా అన్నట్టు చూశాడు.

"మా అమ్మ ఆ నెలలనే ఇల్లిడిచి పోయింది," అంది సూర్యకళ. ఈ మాట పైకి అనడం ఆమెకు ఎప్పుడూ కష్టమే. "బొంబాయి కాడ భివండి దిక్కు. వేరేటాయనతోని."

"ఎవరు చెప్పారు?"

"నాయిన."

"మీ అమ్మా? శ్యామలక్కా?" త్రిమూర్తులు తల విదిల్చాడు. "నిన్ను నా చేతికిచ్చేటప్పుడు ఆవిడ అన్న మాట చెప్తాను విను. 'పద్మ ఫ్యాక్టరీల డ్యూటీ దిగి గంటయింది తమ్మీ, ఇంక రాలే. పొద్దుగాల ఏడ్సుకుంట పోయింది, నా పాణం కొట్టుకుంటుంది. నేను మల్లాపూర్ దాంక పోయి సూసొస్త. నువ్వు పిల్లను దవాఖానకు తీస్కపో' అంది. చెప్పులు కూడా వేసుకోలేదు. నేను తిరిగొచ్చేసరికి తలుపు తీసినది తీసినట్టే ఉంది. కడిగిన బియ్యం గిన్నె పొయ్యి పక్కన అలాగే ఉంది. నిన్ను పడుకోబెట్టి గడపలో కూర్చున్నా. తెల్లారి మీ నాన్న డ్యూటీ దిగొచ్చాడు. అక్క రాలేదన్నా. 'తల్లిగారింటికి పోయింది, నువ్వు పో' అన్నాడు. ఆ సాయంత్రమే నన్ను పట్టుకెళ్లారు."

"తల్లిగారింటికా?"

"ఆ మాటే అన్నాడు. భివండి పేరు నేను ఇప్పుడే వింటున్నా."

తప్పిపోయిన ఆడవాళ్లను ఎందరినో వెతికి పట్టింది సూర్యకళ. ఘట్‌కేసర్ నుంచి గుజరాత్ దాకా తిరిగి తెచ్చి ఇళ్లకు అప్పగించింది. ఆ జాబితాలో ఒక్కసారైనా శ్యామలమ్మ అని కొట్టి చూడలేదు. పోవాలని పోయినదాన్ని ఎందుకు వెతకాలి అనుకుంది. పెళ్లి మాట ఎత్తినప్పుడల్లా వద్దన్నది ఆ తల్లి మీద కోపంతోనే. ఆ కోపం నాయిన నాటింది.

"మీకు నా మీద కోపం లేదా?" చివరికి అడిగింది.

"ఎందుకు లేదు?" త్రిమూర్తులు గొంతు పెంచలేదు. "మొదటి ఆరేళ్లు రోజూ నీ పేరు తలుచుకొని పళ్లు కొరికాను. తొమ్మిదేళ్ల పిల్లను తిట్టుకుంటున్నానని సిగ్గేసేది, అయినా మానలేకపోయాను. మా అమ్మ పోయిన రోజు నన్ను పంపలేదు. ఆ కబురు జైల్లో కుట్టుమిషన్ బాగుచేస్తూ విన్నాను. నువ్వు చిన్నదానివే, నీకేం తెలుసు, ఒప్పుకుంటాను. కానీ ఎస్సైవి అయ్యావు కదా? అప్పుడైనా ఆ ఫైలు తెరవొచ్చు కదా? పదకొండేళ్లు ఆ బీరువా తాళాలు నీ చేతిలోనే ఉన్నాయి."

క్షమించమని అడగడానికి సూర్యకళకు నోరు రాలేదు. అడిగితే ఆయన క్షమించాల్సి వస్తుంది, అది కూడా ఆయన మీద వేసే భారమే అనిపించింది.

బ్యాగులోంచి తెల్లకాగితాలు తీసింది. "ఇదంత రాసిస్తరా? నేను కోర్టుల చెప్పింది అబద్ధమని నేను గూడ రాస్త. కేసు నా దగ్గర ఉంచరు. ఉంచొద్దు గూడ."

"ఉద్యోగం?"

"పోతే పోతది."

త్రిమూర్తులు కాగితాల వంక చూశాడు గానీ ముట్టుకోలేదు. "అప్పుడు కూడా ఇలాగే తెల్లకాగితాలు పెట్టారు నా ముందు. ముందు నువ్వు రాయి. నేను చదువుతా. ఆ తర్వాత చూద్దాం."

కుట్టుమిషన్ బల్ల మీద కాగితం సర్దుకుంది సూర్యకళ. పేరు, తండ్రి పేరు, వయసు, ఉద్యోగం రాసింది. తండ్రి పేరు దగ్గర పెన్ను ఒక్క క్షణం ఆగి కదిలింది. ఆ కింద మొదటి వాక్యం రాసింది.

'ఆ రోజు నాకు జ్వరం వచ్చింది.'

ఇరవై నాలుగేళ్లకు అంత చిన్న మాట. త్రిమూర్తులు తలకిందులుగా ఉన్న ఆ అక్షరాలను అవతలి వైపు నుంచే కూడబలుక్కొని చదువుకున్నాడు. చదివి, మొహం షట్టర్ వైపు తిప్పుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. సూర్యకళ కళ్లు కాగితం మీదనుంచి ఎత్తలేదు.

ఫోన్ మోగింది. అమూల్య.

"మేడం, యాడున్నరు? జర జల్ది రావాలె." అమూల్య గుసగుసగా మాట్లాడుతోంది. "మీ బాపు స్టేషన్కొచ్చిండు."

"నాయినా? ఎందుకు? మేడిపల్లి నుంచి ఎవరు తోల్కొచ్చిన్రు?"

"ఒక్కడే ఆటోల వచ్చిండు. సీదా ఏసీపీ సారు ముందర నిలబడి, పద్మశ్రీని నేనే చంపిన, రాసుకోమంటుండు."

సూర్యకళ లేచి నిలబడింది. స్టూలు వెనక్కి పడింది. "తాగిండా?"

"లేదు మేడం. తానం జేసి, ఇస్త్రీ బట్టలేసుకొని వచ్చిండు. మస్తు నిమ్మళంగ మాట్లాడుతుండు. నాకే భయమైతుంది." ఒక్క క్షణం ఆగింది. "సంపు తవ్వుడు నిన్ననే ఆపినమని సారు చెప్పిండు. గా మాట వినంగనే మీతోని మాట్లాడాలె అంటుండు. ఇయ్యనా?"

జవాబు కోసం అమూల్య ఆగలేదో, ఆమె చేతిలోంచే లాక్కున్నారో, అవతల ఫోన్ చేతులు మారిన చప్పుడైంది. బీడీలకు పాడైన ఊపిరి. ఆమెకు పుట్టినప్పటి నుంచి తెలిసిన ఊపిరి.

"సూరీ," అన్నాడు రాజయ్య. "తవ్వుడు ఎందుకాపిచ్చినవు బిడ్డా? పద్మ ఒక్కతే లేదాడ. బాయిలర్ దిక్కున్న మూల గూడ తవ్వమను."